నీళ్ల మీదుండాడు

ఊరికే డబ్బు చేతిలో పెడితే పేదవాళ్లు సోమరిపోతులైపోతారని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న ఒక పెళ్లి భోజనాల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, రెండోసారి లడ్డు వేయించుకుంటూ, సరిగ్గా ఆ మాటే అన్నాడు. "అయ్యా, మీరు ఏ ఇంట్లో చూశారు?" అని అడిగాను. నేను చూసిన ఇల్లు ఒకటుంది. అందులోనే పెరిగాను. ఆ సంగతి చెప్పేలోగా పెరుగు వడ్డించారు, ఆయన గబగబా తిని లేచిపోయాడు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మాది ఇందుకూరుపేట దాటాక, మాగాణి అయిపోయి ఇసుక మొదలయ్యే చోట, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాళెం. ఇంట్లో ఇద్దరమే, నేనూ మా అవ్వా. అమ్మ నన్ను కన్న పురిట్లోనే పోయింది. అవ్వకు నాయన ఒక్కడే కొడుకు. నాకు ఏడేళ్లప్పుడు తెప్ప మీద వేటకు వెళ్లి ఆయన తిరిగి రాలేదు. ఆ రోజు గాలి లేచింది. నాలుగు రోజుల తరవాత తెప్ప దుంగ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు.

మా పాళెంలో ఒక కట్టుబాటు ఉండేది. వేటకు పోయిన మగవాడి గురించి ఎవరైనా అడిగితే ఇంట్లో ఆడది "లేడు" అనకూడదు. "పోయినాడు" అని కూడా అనకూడదు. "నీళ్ల మీదుండాడు" అనాలి. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం, చూడండి, అలాంటిదే ఇదీ. కాకపోతే మా వాళ్లకు అది మర్యాద కోసం అనే మాట కాదు, భయంతో అనే మాట. చిన్నప్పుడొకసారి నాయన కోసం వచ్చినాయనతో "లేడు" అన్నందుకు అవ్వ నా నోటి మీద ఒక్కటిచ్చింది. ఆ మంట ఇంకా గుర్తుంది. శవం ఒడ్డుకు చేరితే, కర్మ జరిగితే, అప్పుడు లేడు అనొచ్చు. నాయన ఒడ్డుకు చేరలేదు. అందుకని మూడేళ్లు గడిచినా మా అవ్వ లెక్కలో ఆయన నీళ్ల మీదే ఉన్నాడు.

అవ్వ పని వలలు దులపడం. తెప్పలు ఒడ్డుకు రాగానే వలల్లో చిక్కుకున్న చేపల్ని విడిపిస్తే, కూలి కింద గంపలో కొన్ని చేపలు పడేసేవాళ్లు. ఎక్కువగా నెత్తళ్లే, వేలెడంత చేపలు. వాటిని కొనే షావుకారు కావాలనే ఆలస్యంగా వచ్చేవాడు. ఎండెక్కి చేప మెత్తబడుతుంటే అప్పుడు తీరిగ్గా దిగి, "ఇస్తే ఇయ్యి, లేకుంటే కాకులకెయ్యి" అనేవాడు. అదే చేప ఎండబెట్టి లోపలి మాగాణి ఊళ్లకు మోసుకుపోతే మంచి ధర. కానీ ఎండాలంటే మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ తినడానికి ఇంట్లో గింజలుండాలి. మా కష్టమంతా ఆ మూడు రోజుల్లోనే ఉండేది. ఇంత చిన్న సంగతి ఆ లడ్డు పెద్దమనిషికి ఎవరు చెప్పాలి?

అరవైల మొదట్లో, పోషించేవాళ్లు లేని ముసలివాళ్లకు సర్కారు నెలనెలా డబ్బు పంపుతుందని తెలిసింది. మా బడి అయ్యవారు తనే కాగితం తెచ్చి, తనే రాసి, "అవ్వా, ఇక్కడ వేలెయ్యి" అన్నాడు. ఏం రాశాడో చదివి వినిపించలేదు. ఆమె అడగనూ లేదు, వేలేసింది. కొన్ని నెలలకు టపా ఆయన ఇసుకలో సైకిలు తోసుకుంటూ మా ఇంటి ముందుకొచ్చాడు.

"మనియార్డరమ్మా."

"ఎవరు పంపినారయ్యా?"

"సర్కారు."

"నేనేం చేసినానని?"

"ముసిలిదానివైనావు గదా, అందుకు."

అవ్వ పగలబడి నవ్వింది. "ఆ మాట ముందే చెప్పుంటే ఇంకో పదేళ్ల ముందే అయ్యుండేదాన్ని!" అంది. నాయన పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. టపా ఆయనకు దోసెడు నెత్తళ్లు పెట్టి పంపింది.

మొదటి నెల బియ్యం కొంది. రెండో నెలలో ఒకరోజు షావుకారు ఎప్పటిలాగే ఎండెక్కాక వచ్చి గంప వైపు చెయ్యి చాపాడు.

"ఇయ్యను" అంది అవ్వ.

"ఇయ్యవా?"

"ఎండబెట్టుకుంటా."

"మూడు దినాలు ఏం తింటావే, ఇసకా?"

"అన్నం తింటా. నువ్వు పో."

పో! మా అవ్వ, ఆయన్ని! నేను వల పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. అంత ఆనందం నాకు పండగ నాడు కూడా కలగలేదు.

అవ్వ ఇసుక మీద పాత వల పరిచి నెత్తళ్లు ఎండబోసేది. కాకుల్ని తోలడం నా పని. కోతల కాలంలో గంప నెత్తికెత్తుకుని మాగాణి ఊళ్లు తిరిగి, చేపలకు బదులు వడ్లు తెచ్చేది. సోమరితనమట! పొద్దున లేస్తే రాత్రిదాకా ఆమె నడుం వాల్చేది కాదు. మారింది ఒక్కటే, మాట. అప్పటిదాకా మా ఇంట్లో "రేపు" అనడమే తక్కువ. ఆమె ఇప్పుడు "వచ్చే నెల" అనడం మొదలుపెట్టింది. వచ్చే నెల తాటాకు కప్పిద్దాం. వచ్చే నెల ఇంకో గంప కొందాం. ఒకరోజు చేపలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే, "ఈ పిల్ల వచ్చే ఏడు పేటలో పెద్దబడికి పోతాది" అంది. మా పాళెం నుంచి ఏ ఆడపిల్లా అయిదో తరగతి దాటలేదు. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

అప్పుడే సర్కారుకు ఆకాశరామన్న అర్జీ ఒకటి పోయింది. కొడుకును పెట్టుకుని, లేడని రాయించి, సర్కారు సొమ్ము తింటోందని అందులో రాశారట. కొడుకు ఉన్నాడని ఆమే పదిమందిలో అంటుంది, కావాలంటే అడగండి అని కూడా రాశారట. ఎవరు రాశారో పాళెమంతటికీ తెలుసు. ఎండెక్కాక వచ్చే అలవాటున్నవాడే.

విచారణకు రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఒడ్డున తెప్ప దుంగ మీద కూర్చుని, పక్కన అయ్యవారిని నిలబెట్టుకుని, పాత కాగితం పైకి చదివాడు. భర్త లేడు. కొడుకు లేడు. పోషించేవారు లేరు.

అవ్వ అయ్యవారి వైపు తిరిగింది. "ఏమయ్యా, అట్టా రాసినావా?"

ఆయన తల దించుకున్నాడు. "అట్టా రాయకపోతే రాదవ్వా."

"అవ్వా, నీ సంగతంతా ఈయన చెప్పినాడు" అన్నాడు ఇనస్పెక్టరు మెల్లగా. "నాకు తెలుసు. కానీ పైవాళ్లకు నీ నోటి మాట కావాల. కొడుకు లేడని ఒక్క మాట చెప్పు, రాసుకుని పోతా. డబ్బు ఎప్పటిమాదిరే వస్తాది."

నేను అవ్వ నోటివంకే చూస్తున్నాను. పెద్దబడి ఆ నోట్లో ఉంది. ఒక్క మాట. ఉండబట్టలేక చెంగు పట్టుకుని గుంజాను. "లేడని చెప్పవ్వా" అన్నాను.

నోటి మీద దెబ్బ పడుతుందనుకున్నాను. పడలేదు. నా వైపు ఒకసారి చూసి ఆయన వైపు తిరిగింది.

"ఉండాడయ్యా. నీళ్ల మీదుండాడు."

"మూడేళ్లు నీళ్ల మీద ఎవరుంటారవ్వా?"

"నా కొడుకు."

"డబ్బు ఆగిపోతాదే!"

"ఆగనీ. నేను ముసిలిదాన్ని, అది నిజం. ఒంట్లో సత్తువ లేదు, అదీ నిజం. ఇంట్లో ఏముండాదో కుండలు తెరిచి చూసుకో. ఇన్ని నిజాలుండగా, నా చేత్తో నా కొడుకుని చంపితేగానీ మీ డబ్బు రాదా?"

ఆయన కలం మూత పెట్టేశాడు. ఆ తరవాతి నెల నుంచి సైకిలు మా ఇంటి వైపు రాలేదు.

నేను రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. మూడో రోజు, "నా బడి కన్నా చచ్చిపోయిన నాయన ఎక్కువా?" అని అరిచాను. చచ్చిపోయిన అన్నాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. గంప తీసుకుని ఒడ్డుకు వెళ్లింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

షావుకారు ఆ రోజు పెందలాడే వచ్చాడు, సంబరంగా. "ఇంకేం, తే గంప" అన్నాడు. "కుండలో వడ్లుండాయి. ఎండబెట్టుకుంటా" అంది అవ్వ. డబ్బు ఆగింది గానీ అది సంపాదించి పెట్టిన మూడు రోజులు ఇంకా మా చేతిలోనే ఉన్నాయి. వాటిని నిలబెట్టుకోవడానికి ఆమె ఒక పూట గంజితో సరిపెట్టుకుంది. నాకు మాత్రం అన్నం పెట్టింది. ఒక్క గంపైనా వాడికి మళ్లీ పచ్చిగా అమ్మలేదు.

వేసవి సెలవులయ్యాక నన్ను పేటకు నడిపించుకుపోయింది. దారిలో ఒక్కటే మాట చెప్పింది. "పెద్దయ్యవారు ఏమడిగినా నువ్వే చెప్పు. నీ నోరు, నీ ఇష్టం." ఒంటికి చేపల వాసనని గడప బయటే నిలబడిపోయింది.

పెద్దయ్యవారు పుస్తకం తెరిచి నా పేరు రాసుకున్నాడు. మా పాళెం పేరు విని కాస్త జాలిగా చూశాడు.

"తండ్రి లేడు గదమ్మా? లేడని రాస్తే ఫీజు కట్టక్కర్లేదు."

గడప బయట అవ్వ సముద్రం ఉన్న వైపు చూస్తోంది.

"ఉండాడు సార్" అన్నాను.

"ఏం చేస్తుంటాడు?"

"నీళ్ల మీదుండాడు."

ఆయన చేపల వేట అని రాసుకున్నాడు. అవ్వ చెంగు ముడి విప్పుకుంటూ గడప దాటి లోపలికి వచ్చింది.