ఇరవై రెండో పేరు

మేడమ్ పోయిందన్న మాట నాకు మొదట చెప్పింది కోడిగుడ్ల వ్యాను డ్రైవరు. వారానికోసారి పుంగనూరు చుట్టుపక్కల బడులకు గుడ్లు దించి పోయే మనిషి. ఆ రోజు అట్టలు నా చేతికిచ్చి, వ్యాను ఎక్కకుండా నిలబడ్డాడు.

"అక్కా, మీ పాత మేడమ్ ఉండాదే, కుప్పం పక్కకు పోయిండేది. ఆయమ్మ నిన్న సనిపోయిందంట. పుంగనూరు బళ్లో సార్లు అనుకుంటాండిరి. నీకు తెల్సో లేదో అని."

నాకు తెలియదు. అట్టలు వంటగది గట్టు మీద పెట్టి అతనికి నీళ్లిచ్చాను. గుడ్లు దించేసి తన దారిన తాను పోవచ్చు. ఆగి చెప్పాడు. అందుకు అతనికి మనసులో ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. తర్వాత గుడ్లు ఉడకేశాను. పిల్లలు తినాలి కదా.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా నాయన పట్టుపురుగులు పెంచేవాడు. మల్బరీ ఆకు పరిచే పని మధ్యలో, షెడ్డు గోడ మీద బొగ్గుతో నాకు అక్షరాలు దిద్దించాడు. చదవడం, రాయడం, నాలుగు దేవుడి పద్యాలు, అన్నీ ఆ గోడ మీదే వచ్చాయి. సోమల దారిలో ఉన్న మా ఊరి ఎలిమెంటరీ బడిలో వంటమనిషిగా చేరినప్పుడు, ఈ విధంగానైనా బడి గడప తొక్కించావు స్వామీ అనుకున్నాను.

ఆ బడికి ఒకటే గది, ఒకటే మేడమ్, ఇరవై ఒక్క మంది పిల్లలు. వంటగది కిటికీ తరగతి గదిలోకే ఉంటుంది. మేడమ్ మదనపల్లె నుంచి బస్సులో పుంగనూరొచ్చి, ఆడనుంచి ఆటోలో వచ్చేది. ప్రార్థన అయ్యాక బోరు గట్టెక్కి ఫోను పైకెత్తి నిలబడేది. హాజరు ఫోనులో పంపాలి, మా ఊర్లో సిగ్నలు ఆ గట్టు మీదే దొరుకుతుంది. పిల్లలు కింద వరసగా నిలబడి, "మేడమ్, కొంచెం ఎడమపక్కకు" అని దారి చెప్పేవాళ్లు. ఆ తర్వాత లోపలికొచ్చి బోర్డు మీద తేదీ రాసి, కాగితం రిజిస్టరు తీసి, ఒక్కొక్క పేరే పిలిచేది.

పలికినవాళ్లకు ఒక ఏటవాలు గీత. పలకకపోతే వెంటనే సున్న పెట్టేది కాదు. గడి ఖాళీగా వదిలేది. మా పిల్లల్లో కొందరు పొద్దున్నే గొర్రెలు తోలిచ్చి, పాలకేంద్రానికి పాలు పోసి రావాలి. "వస్తాంటారు లే" అనేది. మధ్యాహ్నం కంచాలు కడిగే వేళకు ఖాళీ గడులు ఒకసారి చూసుకుని, అప్పటికీ రాని బిడ్డకు మాత్రమే సున్న పెట్టేది.

ఒకరోజు నీళ్లకని వంటగదిలోకొచ్చి అడిగింది. "అక్కా, నువ్వు ఎంతవరకు సదివినావు?"

"బడికి పోలేదు మేడమ్. ఇంట్లోనే మా నాయన సెప్పినాడు."

"అయితే హాజరులో నీ పేరు ఎవరూ పిలవనే లేదా?"

నవ్వి నీళ్ల గ్లాసు చేతికిచ్చాను. మర్నాడు నేను రాగిజావ కలుపుతుంటే, ఇరవై ఒకటో బిడ్డ పలికాక, "ఇరవై రెండు" అని నా పేరు పిలిచింది. పిల్లలంతా కిటికీ వైపు తిరిగారు. ఒకటో తరగతి పాప ఒకతి, "పెద్దమ్మా, నిన్నే. పలకవే" అంది.

"ఉండాను మేడమ్" అన్నాను.

"ప్రెజెంట్ అనాల" అన్నారు పిల్లలు. ఆ పాపే మళ్లీ, "ఆమెను పిలిసే పనే లేదు మేడమ్. ఆమె రాకుంటే మనకు కూడు యాడిది?" అంది. మేడమ్ రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అసలు రిజిస్టరులో నా పేరు రాసే వీలు లేదు. తన పాఠాల నోటుపుస్తకం వెనకవైపు గడులు గీసి నాకొక వరస పెట్టింది. నాలుగేళ్లు, బడి ఉన్న ప్రతి రోజూ, ఇరవై ఒకటి తర్వాత నన్ను పిలిచింది. పొద్దున పొయ్యికి దండం పెట్టడం ఎంతో, ఆ పిలుపుకు పలకడం నాకంత అయిపోయింది.

తర్వాత బదిలీలొచ్చాయి. మేడమ్‌ను కుప్పం పక్క పల్లెకు వేశారు. ఆ సంగతి నాకు మేడమ్ నోట రాలేదు, ఆటో అతను చెప్పాడు. ఊరికంతా తెలిశాక నాకు తెలిసింది. నాతో ఒక మాట చెప్పకూడదా అని లోపల ముల్లు గుచ్చుకుంది. చెప్పే ధైర్యం ఆమెకూ లేదేమోనని అప్పుడు తోచలేదు.

ఆఖరి రోజు ఇరవై ఒకటీ అయ్యాయి. నా పేరు పిలిచింది. నేను కిటికీ పక్కనే మునగాకు దూస్తున్నాను. పలకలేదు. మళ్లీ పిలిచింది. ఆ పాప పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, మేడమ్ పిలుస్తాండాది."

"పనుండాది పో" అన్నాను.

మూడోసారి పిలవలేదు. సాయంత్రం సంచి భుజానికేసుకుని వంటగది వాకిట్లో నిలబడి, "వస్తానక్కా" అంది. "మంచిది మేడమ్" అన్నాను, గిన్నె తోముతూ, తల ఎత్తకుండా.

కొత్త సార్ వచ్చాడు. మంచివాడు. ఇరవై ఒకటితో ఆపేస్తాడు, అతనికేం తెలుసు. కొన్నాళ్లు, ఆ చివరి పేరు అయ్యాక పిల్లలు కిటికీ వైపు చూసేవాళ్లు. మేడమ్ ఫోను నంబరు నా దగ్గర ఉంది. సిగ్గేసి చేయలేదు. వినాయకచవితి అయ్యాక ఆమెకు ఒళ్లు బాగా లేదని, సెలవులో ఉందని సార్ చెప్పాడు. దసరా సెలవులకు పోయి, ఎదురుగా నిలబడి, ఆ రోజు పలకనిది పలికి రావాలనుకున్నాను. అంతకు ముందే పోదామంటే, నేను రాకుంటే బడిలో పొయ్యి వెలగదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆదివారాలు లేవా అని మీరడగవచ్చు. ఉన్నాయి.

సెలవులకు ఇంకా వారముందనగా వ్యాను వచ్చింది.

ఆ ఆదివారం పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. మేడమ్ వాళ్లు అద్దెకుండే ఇంట్లో ఫోటో ముందు దీపం ఉంది. నేను ఎవరో చెప్పగానే ఆమె భర్త లోపలికి పోయి ఒక నోటుపుస్తకం తెచ్చాడు.

"దీన్ని ఈడి బడికి కూడా తీసుకుపోతాండె అమ్మా. మిగిలిన కాగితాల్లో రాస్తాండె. ఎనకపక్క మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు."

వెనక నుంచి తిప్పాను. నా వరస. గీతలు, గీతలు, గీతలు. నాకు జ్వరమొచ్చిన మూడు రోజులకు మూడు సున్నలు. చిట్టచివర, నేను పలకని ఆ రోజు తేదీ. దాని కింద సున్న లేదు. గీతా లేదు. ఖాళీగా వదిలింది.

ఆ మధ్యాహ్నం కూడా గడి చూసుకునే ఉంటుంది. కంచాలు కడిగే వేళ దాటిపోయింది. సాయంత్రం వచ్చి వాకిట్లో నిలబడింది. అయినా సున్న పెట్టలేదు. కుప్పానికి పోయాక కూడా పెట్టలేదు.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, "మీరే పెట్టుకోండమ్మా" అన్నాడు.

"ఆ గీత ఆయమ్మ పెట్టాల్సింది నాయనా" అన్నాను. గడి మీద వేలు పెట్టి, "ఉండాను మేడమ్" అన్నాను. పుస్తకం ఆయన చేతికే ఇచ్చి, ఆ ఇంట్లో నీళ్లు తాగి వచ్చాను.

దేవుడు నాకు చాలా ఇచ్చాడు. గోడ మీద అక్షరాలిచ్చాడు, బడి ఇచ్చాడు, నాలుగేళ్లు నా పేరు పిలిచే గొంతునిచ్చాడు. ఒక్క రోజు నా వంతు నేనివ్వలేకపోయాను.

ఇది చదివినవాళ్లను ఒకటే అడుగుతాను. బోరు గట్టు మీద ఫోను పైకెత్తి నిలబడిన మా మేడమ్‌ను, రాని బిడ్డ గడిని మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉంచిన ఆమెను, మీ ఊరి బడిలో హాజరు పిలుపు వినబడినప్పుడు ఒక్కసారి తలుచుకోండి.