మా పార్కూ, అత్త పాతిన పొత్రమూ

మీరు పొద్దున్నే నడిచే పార్కు ఎవరి తెగువ వల్ల మిగిలిందో ఎప్పుడైనా అడిగారా? మొన్న మా కాలనీ పార్కు గేటుకు కొత్త బోర్డు పెట్టారు. నడక బాట, వ్యాయామ పరికరాలు, ఉయ్యాలలు, తాగునీరు అన్నీ రాశారు. మా మేనత్త ఊసు మాత్రం లేదు. లోపల కానుగ నీడలో చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఆ నీడ ఎలా మిగిలిందో వాళ్లకెవరు చెప్పాలి?

నల్లగొండ పల్లె నుంచి మేం ఈ కాలనీకి వచ్చేసరికి, పటంలో పార్కని రాసిన ఆ స్థలం తుమ్మకంపతో, చెత్తతో నిండి ఉండేది. చెత్త వేయొద్దని అందరికీ చెప్పి చెప్పి విసిగిన అత్త ఒకనాడు పాత రుబ్బురోలు పొత్రానికి పసుపు పూసి, బొట్లు పెట్టి అక్కడ నిలువునా పాతింది. ఆ రోజుతో చెత్త ఆగింది. మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునే నేను ఇంట్లో మండిపడ్డాను.

"నీ ఉపన్యాసానికి ఒక్క బుట్ట చెత్తన్న ఆగిందారా?" అని నవ్వింది.

అది అత్త పాతిందని తెలియని కొత్తవాళ్లు పొత్రానికి మొక్కడం మొదలుపెట్టారు. పందిరి వచ్చింది, జెండా వచ్చింది. ఆఖరికి పక్క వీధి పెద్దమనిషి ఒకాయన ఇటుకలు దింపించాడు. ముందు చిన్న గుడి, దాని చాటున తన దుకాణాలు. పిల్లల జాగా పోతుందని అందరికీ తెలుసు, అడగాలంటే అందరికీ భయం. నేను అడిగితే నాస్తికుడివి, నీకెందుకన్నారు.

మర్నాడు పొద్దున అత్త తలస్నానం చేసి, గడ్డపార తీసుకుని బయల్దేరింది. "అక్కయ్యగారూ, వద్దండీ, కళ్లు పోతాయండీ!" అంటూ గుంటూరు నుంచి వచ్చిన పక్కింటావిడ వెంటపడింది. పెద్దమనిషి అడ్డం నిలబడ్డాడు.

"దేవుణ్ని తవ్వుతవా అమ్మా?"

"దేవుడు ఏడున్నడు? గిది మా ఇంట్ల పొత్రం. చెత్త ఆపుదామని నేనే పెట్టిన. తప్పయింది, తీస్కపోత. జర జరుగు."

"పాపం తగుల్తది!"

"తగిల్తె నాకే తగుల్తది గద. నువ్వెందుకు పరేషానైతున్నవ్?"

పొత్రాన్ని చంకనెత్తుకుని ఇంటికి తెచ్చి, కడిగి, ఆ మధ్యాహ్నం దాంతోనే గోంగూర నూరింది. అన్నం పెడుతూ, నీ కళ్లు బాగానే ఉన్నాయా అని నన్నే వెక్కిరించింది. వారమంతా వీధి ఆమె కళ్లనే చూసింది. అవి చక్కగా ఉండేసరికి జనానికి నోరొచ్చింది, ఇటుకలు వెనక్కి పోయాయి, ఆ జాగా పార్కుకే మిగిలింది. ఎన్నో వేదికలెక్కాను, తన తప్పును పదిమంది ముందు తానే తవ్వి తీసిన మనిషిని మాత్రం ఇంకొకరిని చూడలేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. కాలం ఏ ఖాళీ జాగానూ ఊరికే ఉండనివ్వదు. మీ వీధి చివర నిన్న లేని ఇటుకలు ఇవాళ కనబడితే తల తిప్పుకుని పోకండి. ఆగండి. ఎవరివని గట్టిగా అడగండి.