నూరు గ్రాముల గుడ్డ

నా నోరు మంచిది కాదని ఆస్పత్రంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఇరవై రెండేళ్లుగా సిస్టర్‌ని. పద్నాలుగు మంది పిల్లలకి ఇద్దరం నర్సులం. మెత్తగా మాట్లాడుతూ కూర్చుంటే పనులెలా అవుతాయి? ఆ విసుగులోనే ఒకరోజు కత్తెరమ్మని కసిరాను. అదే నేను చేసిన పొరపాటో, మంచిపనో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కత్తెరమ్మ మా ఆస్పత్రి కుట్టుగదిలో పనిచేస్తుంది. యాభై ఆరేళ్లుంటాయి. నడుముకి తాడు కట్టి కత్తెర వేలాడేసుకుంటుంది కాబట్టి అందరికీ కత్తెరమ్మ. పాత దుప్పట్లు కత్తిరించి పిల్లలకి టోపీలు, పొత్తిగుడ్డలు కుట్టడం ఆవిడ పని. పెళ్లయిన రెండో ఏడే భర్త పోయాడు. పిల్లల్లేరు. ఒంటిగది కాపురం. సెలవు రోజున కూడా వచ్చి మిషను ముందు కూర్చునేది.

"ఇంటి దగ్గర ఏం చేస్తుంటావు?" అని అడిగానొకసారి.

"రేడియో పెట్టుకుంటాను సిస్టరమ్మా. వార్తలు చదివేవాడు నమస్కారం అంటాడు. నేనూ నమస్కారం అంటాను. మర్యాద కదా!"

నేను పడీపడీ నవ్వాను. ఆవిడా నవ్వింది. ఇంటికెళ్లాక ఆ మాట గుర్తొచ్చి నా మీద నాకే చిరాకేసింది.

రోజూ పదింటికి గుడ్డల మూట తెచ్చి బీరువాలో సర్ది వెళ్లిపోవాల్సిన మనిషి, ఒక అద్దాల పెట్టె దగ్గర నిలబడిపోవడం మొదలుపెట్టింది. అందులో పదకొండు వందల గ్రాముల ఆడపిల్ల. మేం 'గోరంత' అనేవాళ్లం. వాళ్లమ్మకి ఆపరేషను కుట్లు చీముపట్టి, పై అంతస్తులో జ్వరంతో పడి ఉంది. తండ్రి ఎక్కడో వంతెన పనిలో ఉన్నాడు. నానమ్మ ఇంటి దగ్గర మూడేళ్ల పెద్దపిల్లని పట్టుకుని ఉంది. ఇలాంటి పిల్లలకి పెట్టె వేడి కన్నా మనిషి ఒంటి వేడి మేలు. పిల్లని రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టుకుని, చర్మానికి చర్మం ఆనేలా గుడ్డతో కట్టుకుని గంటల తరబడి కూర్చోవాలి. గోరంతకి అలా కూర్చునే దిక్కు లేదు.

"ఊరికే గుడ్లప్పగించి చూస్తావేం? చేతులు కడుక్కునిరా, ఇలా కూర్చో," అన్నాను.

"నేనా? సొంతవాళ్లే చెయ్యాలి కదమ్మా, రూలు!"

"రూలు సంగతి నాకొదిలెయ్."

రిజిస్టర్లో 'సంబంధం' అన్న గడిలో 'పెద్దమ్మ' అని గీకేశాను. పైకెళ్లి తల్లికి సంగతి చెప్తే, ఆ జ్వరంలోనే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

మొదటిరోజు కత్తెరమ్మ రెండు గంటలు కదలకుండా బిగుసుకుని కూర్చుంది. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుంది. మర్నాటి నుంచి కుట్టుపని తెల్లారుతూనే మొదలుపెట్టి, పదింటికల్లా ముగించి వచ్చేసేది. ఆవిడలో అన్ని మాటలున్నాయని మాకు అప్పుడే తెలిసింది. ఏ వార్డు దుప్పట్లు తొందరగా చిరుగుతాయో, ఏ డాక్టరు కోటు గుండీలు నెలకోసారి తెంపుకుంటాడో, అన్నీ గోరంత నెత్తి మీద గుసగుసగా చెప్పేది. అది ముడుచుకుని పడుకుని వినేది. ముక్కులోంచి పాలు పట్టే గొట్టం తీసేశాం. వాళ్లమ్మ పిండి పంపిన పాలు చెంచాతో తాగడం నేర్చింది. పదమూడు వందలు, పదిహేను వందలు, పదిహేడు వందలు.

పద్దెనిమిది వందలు దాటితే పిల్లని ఇంటికి పంపిస్తాం. ఈ సంగతి కత్తెరమ్మకీ తెలుసు. పొద్దున్నే "ఇవాళెంత?" అంటూ ఎదురొచ్చే మనిషి, పదిహేడు వందలు దాటాక అడగడం మానేసింది. నేను కనిపెట్టాల్సింది. పని హడావుడిలో పట్టించుకోలేదు.

బట్టల్లేకుండా తూస్తే పిల్లలు చలికి వణుకుతారని మేం పొత్తిగుడ్డతో సహా తూచి, గుడ్డ బరువు తీసేస్తాం. గుడ్డ నూరు గ్రాములు, రెండు పొరలది. ప్రతిసారీ గుడ్డని విడిగా ఎవరు తూస్తారు? అన్నీ కత్తెరమ్మ కొలత పెట్టి కుట్టినవే. ఆవిడ చేతిలో తేడా వచ్చిందని ఏనాడూ వినలేదు.

పదిహేడు వందల అరవై దగ్గర గోరంత ఆగిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

అప్పటికి తల్లికి జ్వరం తగ్గి, పిల్లని కట్టుకుని కూర్చునే ఓపిక ఇంకా రాకపోయినా, చక్రాల కుర్చీలో రోజూ కిందికి వస్తోంది. బరువు మాట వినగానే మొహం పాలిపోయింది. "నా పాలే చాలట్లేదా సిస్టర్? నా ఒంట్లో చీము పాలల్లోకి వెళ్లిందా?" అని వెక్కివెక్కి ఏడ్చింది. డాక్టరు కూడా కంగారుపడి రక్తపరీక్ష రాశారు. రక్తంలో ఏదైనా కనిపిస్తే మళ్లీ గొట్టం, మళ్లీ పెట్టె. సూది సిద్ధం చేసుకుని పిల్ల మడమ తుడుస్తున్నాను. కత్తెరమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"గుచ్చకమ్మా. ఆ గుడ్డ తూచు."

"ఏం గుడ్డ?"

"తూచమ్మా, నీకు దణ్ణం పెడతా."

తూచాను. ముప్పై అయిదు గ్రాములుంది. మొదటిరోజు అంచు మడత విప్పేసిందట. రెండో రోజు లోపలి పొర తీసేసిందట. మూడో రోజు పలచటి పాత ముక్కతో కొత్తది కుట్టిందట. పైకి చూస్తే అన్నీ ఒకలాగే ఉన్నాయి. నేను మాత్రం నూరే తీసేస్తూ వచ్చాను. పిల్ల నిజానికి పద్దెనిమిది వందల ఇరవై అయిదుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మతి గానీ పోయిందా నీకు? పసిగుడ్డు ఒంట్లోంచి రక్తం తీయించేదానివే! ఆ తల్లి మూడు రోజులుగా తన పాలని తిట్టుకుంటోంది, కళ్లకి కనబళ్లేదా?"

"కనబడింది," అంది. "ఒక్కరోజు అనుకున్నానమ్మా. ఇంకొక్కరోజు, ఇంకొక్కరోజు అనుకుంటూ..." తల వంచుకుని నిలబడింది. కొట్టినా పడేట్టుంది. ఆ మనిషిని ఇంకేమనను?

డాక్టరుతో, గుడ్డ తూచకుండా లెక్క వేసింది నేనేనని చెప్పాను. వార్డంతా వినేలా చీవాట్లు పెట్టారు. జాలితోనే అలా చెప్పాననుకోకండి, సగం భయం. కూపీ లాగితే నేను రాసిన 'పెద్దమ్మ' బయటపడుతుంది. తల్లికి మాత్రం "నీ పాలు బంగారం, లెక్కే తప్పింది," అని చెప్పాను. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

ఇంటికెళ్లాక కూడా పిల్లని అలాగే కట్టుకోవాలి కాబట్టి, అలవాటున్నవాళ్లే తల్లికి నేర్పించాలి. కత్తెరమ్మే నేర్పించింది. ముడి ఎక్కడ వెయ్యాలి, తల ఏ పక్కకి తిప్పాలి, అన్నీ ఓపిగ్గా చూపించింది. తీరా తల్లి రొమ్ము మీద పెట్టేసరికి గోరంత గుక్కపట్టింది. ఎంత ఊపినా ఊరుకోలేదు.

"నన్ను గుర్తుపట్టట్లేదు పెద్దమ్మా," అంది తల్లి బిక్కమొహం పెట్టి. "ఒక్కసారి మీరే తీసుకోండి."

కత్తెరమ్మ చేతులు ముందుకొచ్చాయి. నేను చూశాను. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నా గొంతు వినబడినంతసేపూ ఊరుకోదు తల్లీ. నువ్వు మాట్లాడు. ఏదో ఒకటి చెప్తూ ఉండు, అది వింటుంది," అని గబగబా బయటికి నడిచింది. వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. లోపల తల్లి పెద్దపిల్ల అల్లరంతా చెప్పుకొచ్చింది. పావుగంటకి ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది. ఆగిందని తెలిశాకే కత్తెరమ్మ మెట్లు దిగింది. వాళ్లు వెళ్లేటప్పుడు తల్లి అటూ ఇటూ వెతికింది గానీ, ఈవిడ కనబడలేదు.

మధ్యాహ్నం మూడింటికి కుట్టుగదికి వెళ్లాను. మిషను ఆగి ఉంది. కత్తెరమ్మ రొమ్ము మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మా."

"పై అంతస్తులో ఒకావిడకి వచ్చేవారం ఆపరేషను చేసి కవలల్ని తీస్తున్నారు. నువ్వే కూర్చోవాలి," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"వద్దమ్మా. ఇంకోసారి నావల్ల కాదు." చెయ్యి తియ్యలేదు. "ఇక్కడ చల్లగా ఉంది సిస్టరమ్మా. ఇన్నేళ్లూ ఇలాగే ఉండుంటుంది. నాకు తెలీనే లేదు."

నాకు ఏడుపొచ్చింది. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే, "వార్డులో పిల్లలున్నారు, వెళ్లమ్మా," అంది.