పైపొర, కిందిపొర

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి ల్యాబులో పొరల మాస్టారు ఉప్పు తయారుచేశారు. మూడు వారాలు కష్టపడి, నాలుగు దశల్లో, దొరకని ముడిసరుకులు తెప్పించుకుని మరీ, తెల్లగా మెరిసిపోయే ఉప్పు తయారుచేశారు. అది ఉప్పని ఆయనకింకా తెలీదు. అందుకని చాలా సంతోషంగా ఉన్నారు.

ముందుగా దాన్ని ఎంత వేడికి కరుగుతుందో చూసే పరికరంలో పెట్టారు. ఆయన చేయాలనుకున్న సరుకైతే నూట ముప్ఫై రెండు డిగ్రీల దగ్గర కరగాలి. కరగలేదు. రెండొందలు దాటింది. మూడొందలకి పరికరమే చేతులెత్తేసింది. "గట్టి సరుకే!" అని మెచ్చుకున్నారు. తర్వాత చిన్న ప్లేటు మీద చుక్క పెట్టి నీలి దీపం కింద చూశారు. అసలు సరుకైతే ఒక మచ్చ కనబడాలి, మలినాలుంటే ఇంకో రెండు మూడు. ఏదీ కనబడలేదు.

"ఒక్క మలినం కూడా లేదు, చూడమ్మా!" అని పక్క బల్ల ఆవిడకి చూపించారు.

ఆవిడ పదేళ్ళుగా ఆయన పక్కనే పనిచేస్తోంది. అయినదానికీ కానిదానికీ నవ్వే మనిషి, ఎందుకో అప్పుడు నవ్వలేదు. చిటికెడు పొడి పరీక్షనాళికలో వేసి, నీళ్ళు పోసి ఊపింది.

"అన్నయ్యగారూ, మీ సరుకు నీళ్ళలో కరగదు కదా?"

"చచ్చినా కరగదు."

"కరిగిపోయింది."

మాస్టారు కూర్చున్నారు. వెనక స్టూలుందో లేదో చూసుకోకుండానే కూర్చున్నారు. ఉంది కాబట్టి సరిపోయింది.

జరిగిందేమిటంటే, రియాక్షన్ అయ్యాక సరుకుని ఒక ద్రావకంలోకి లాగి, కింద కుళాయి ఉండే గాజు గరాటులో ఉప్పునీళ్ళతో కడుగుతారు. నూనె, నీళ్ళలాగే రెండు పొరలు విడిపోతాయి. సరుకు ఉండేది ద్రావకంలో. ఏడాదిగా మాస్టారు వాడుతున్న ద్రావకం నీళ్ళకంటే తేలిక, పైన తేలేది. ఈసారి వాడింది బరువైనది, కింద కూర్చునేది. ఆ సంగతి మాస్టారి బుర్రకి తెలుసు గానీ చేతికి తెలీదు. చెయ్యి అలవాటు కొద్దీ కుళాయి తిప్పి, కిందిపొర మొత్తాన్ని వ్యర్థాల డబ్బాలోకి వదిలేసింది. మిగిలిన ఉప్పునీళ్ళని ద్రావకం ఇంకించే యంత్రానికి తగిలించి, ఎంతకీ ఇంకకపోతే గంటన్నరసేపు దాని పంపుని తిట్టారు.

ఆయనకి పొరల మాస్టారన్న పేరు ఊరికే రాలేదు. "సరుకు చేతికందేదాకా ఏ పొరా పారబోయకండి" అని గోడకి కాగితం అంటించింది ఆయనే. అనుమానమొస్తే ఒక నీటిబొట్టు వేసి, అది ఏ పొరలో కలుస్తుందో చూడమని ల్యాబులో చేరిన ప్రతివాళ్ళకీ చెవిలో జోరీగలా చెప్పిందీ ఆయనే. ఆరోజు ఆయనకి అనుమానం రాలేదు, అదే వచ్చిన తంటా.

మామూలు రోజైతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. కానీ గురువారం సాయంత్రానికల్లా ల్యాబు నడిపే మేడమ్‌కి ఐదు గ్రాములు అప్పజెప్పాలి. అంతకుముందు నెలలో మాస్టారు ఒక ఫ్లాస్కు పగలగొట్టి, ఇంకొకటి మాడబెట్టాక, ఆవిడ మర్యాదగానే చెప్పింది: "ఇదీ కాకపోతే రికార్డుల గదిలో కూర్చుందురుగాని, మాస్టారూ. అక్కడ పగిలేవేమీ ఉండవు." ఇరవై ఆరేళ్ళు బల్ల ముందు నిలబడ్డ మనిషికి కుర్చీ చూపించడమంటే ఇక అంతకంటే అనేదేముంది?

ఒకటే అదృష్టం. డబ్బా ఆ పొద్దున్నే మార్చిన కొత్త డబ్బా. అందులో ఉన్నది మాస్టారి సరుకూ, దానిమీద పక్క బల్ల ఆవిడ పోసిన మూడు లీటర్ల బీట్‌రూట్ రంగు కడుగునీళ్ళూ.

"నా చెత్తలో పడ్డాయన్నమాట మీ మూడు వారాలు," అంది ఆవిడ. ఇప్పుడు నవ్వింది.

"నేను ముందు పోశానమ్మా. నా సరుకులో నువ్వే చెత్త పోశావు."

"సరే, కేసు తర్వాత వేద్దురుగాని. డబ్బా పట్టండి."

మళ్ళీ గరాటు ఎక్కించారు. ఈసారి నీటిబొట్టు ఒకటి కాదు, మూడు వేసి చూశారు. ద్రావకాన్ని ఫ్లాస్కు తర్వాత ఫ్లాస్కుగా ఇంకించేసరికి సోమవారం గడిచిపోయింది, అడుగున సరుకూ రంగూ కలిసి బెల్లప్పాకంలాంటి జిగురు మిగిలింది.

ఆ సాయంత్రం భార్య విషయమంతా విని, "ఇంట్లో చిరిగిన సంచి కూడా పారేయనివ్వరు. అక్కడ అసలు సరుకే పారబోశారా?" అంది.

"పారేసే అలవాటు లేదు కదే. ఏది పారేయాలో తెలీలేదు."

మంగళ, బుధవారాలు సిలికా పొడి నింపిన పొడుగాటి గాజుగొట్టం ముందు గడిచాయి. పైన జిగురు వేసి ద్రావకం పోస్తుంటే ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో కిందికి దిగుతుంది. తొంభై ఆరు నాళికలు పట్టారు. ముందు బీట్‌రూట్ రంగు దిగిపోయింది, ఆ వెనక చాలాసేపటికి రంగులేకుండా సరుకు దిగింది. గురువారం పొద్దున దాన్ని వేడి ఆల్కహాల్లో కరిగించి చల్లారబెట్టారు. కదపకూడదు, గీకకూడదు, తొంగిచూడకూడదు. మాస్టారు రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగి నించున్నారు. తిరిగి చూసేసరికి ఫ్లాస్కు నిండా సూదుల్లాంటి పలుకులు. తూస్తే ఐదు గ్రాముల పైన రవ్వంత. నూట ముప్ఫై రెండుకి బుద్ధిగా కరిగింది.

ఇక రికార్డు పుస్తకం రాయాలి.

"గొట్టంలో శుద్ధి చేశామని రాసేయండి, చాలు," అంది పక్క బల్ల ఆవిడ గొంతు తగ్గించి. "డబ్బా మాట ఎందుకు? కోరి కుర్చీ తెచ్చుకుంటారా?"

మాస్టారు కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

"రేపు ఇందులో నీ రంగు రవ్వంత బయటపడిందనుకో. ఎక్కణ్ణుంచొచ్చిందో తెలీక ఎవరో పాపం జుట్టు పీక్కుంటారు కదమ్మా," అని, రాయడం మొదలుపెట్టారు. కుళాయి తిప్పిన దగ్గర్నుంచి పంపుని తిట్టినదాకా రాశారు.

సాయంత్రం మేడమ్ సీసాని వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత పుస్తకం తెరిచి చదివింది. రెండోసారీ చదివింది. మాస్టారికి రికార్డుల గదిలోని కుర్చీ, దాని మీది దిండుతో సహా కళ్ళకి కట్టింది.

"ఇది రాయకపోతే నాకు తెలిసేదే కాదు కదా?"

"తెలిసేది కాదండి."

మేడమ్ పేజీ అడుగున సంతకం పెట్టింది. "బల్ల దగ్గరే ఉండండి. ఆ గదికి ఇంకెవర్నైనా చూస్తాను." పుస్తకం తిరిగిస్తూ మొహం చిట్లించింది. "కానీ ఒక్క తప్పుకి రెండు పేజీలేమిటండీ? కాస్త క్లుప్తంగా రాయకూడదూ?"

"దాన్ని దిద్దుకోడానికి నాలుగు రోజులు పట్టిందండి మేడమ్, క్లుప్తంగా రాయబట్టే రెండు పేజీల్లో సరిపోయింది."