బావ దిగని రేవు

మా బావ పోయాడని చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను హోసూరులో, ఫ్యాక్టరీలో పనిమీద ఉన్నాను. రాయకోట మార్కెట్లో టమాటాలు దింపి, టీ తాగి, బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండెపోటు. యాభై కూడా నిండలేదు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు నిలబడటానికి చోటు లేదు. అంచెట్టి పక్క అడవి పల్లెల నుంచి కూడా బస్సు పట్టుకుని వచ్చారు. ఆ దుఃఖంలోనే నాకొక ఆలోచన వచ్చింది, నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని. బావ మీద నాకున్న అసూయ ఆయనతో పోలేదు. దాన్ని పక్కన పెట్టి ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

ఆయన మా మేనత్త కొడుకు. ఇద్దరం కలిసి ఐటీఐ చదివాం. తొంభైల మొదట్లో ఓడల్లో ఉద్యోగాలున్నాయని తెలిసి కలిసే మద్రాసు వెళ్ళాం. అక్కడ డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచాడు. బావ చుక్కల్లో దాగిన అంకెలు గబగబా చదివేశాడు. నాకు చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియనివాడు ఓడమీద పనికిరాడన్నాడు డాక్టరు. నా కళ్ళ సంగతి నాకే అప్పుడు తెలిసింది. తిరుగు బస్సులో బావ నా భుజం తట్టి, "ఇంగొకతూరి చూస్తామప్పా" అన్నాడు. "ఇంగొకతూరికి కన్ను మారతాదా బావా?" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆయన సముద్రం మీదికి, నేను హోసూరుకి. సెలవులో ఆయన వచ్చాడంటే మా వసారా నిండిపోయేది. "రేవు గేటు కాడ ఓడ కార్డు చూపిస్తే చాలప్పా, కాపలావాడు పోయి రా అంటాడు. దిగినామా, నడిచినామా, ఊరంతా మనదే" అనేవాడు. ఏ దేశంలో దిగినా ముందు కూరగాయల మార్కెట్టుకు వెళ్ళి టమాటా ధర అడిగేవాడట. అది చెప్పినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు. నా ఫ్యాక్టరీలో ఏం జరిగిందని ఎవరూ అడిగేవారు కాదు. మా అమ్మ నెయ్యి ముందు ఆయన కంచంలోనే వేసేది. తరువాత చెల్లెల్ని కూడా ఆయనకే ఇచ్చాం. ఇక ఇంట్లో పొద్దున లేస్తే ఆయన మాటే.

అమెరికాలో విమానాలతో దాడులు జరిగాక, అలాంటి ముప్పు ఓడల్లోనూ రావచ్చని దేశాలన్నీ భయపడ్డాయి. ఓడలకీ రేవులకీ కలిపి కొత్త భద్రతా నియమాలు పెట్టుకున్నాయి. రెండు వేల నాలుగులో అవి అమలుకొచ్చాయి. రేవుల చుట్టూ కంచెలు, కెమెరాలు, ఓడ నిచ్చెన దగ్గర కాపలా. కాపలా సరిగా లేని రేవు నుంచి వచ్చిన ఓడంటే పక్క దేశానికి అనుమానమే.

"ఇప్పుడు చానా దేశాల్లో దిగేదానికి లేదప్పా. వీసా లేనోడు ఓడలోనే కూర్చోవల్ల" అన్నాడు బావ ఆ ఏడు సెలవులో. ఇదొక కొత్త రకం గొప్ప అనుకున్నాను. "అంత కష్టమైతే వచ్చేయ్ బావా. నా మెషీను నీకిస్తా" అన్నాను. ఆయన నవ్వాడే గానీ నియమాలను తిట్టలేదు. "ముందు రేవుల్లో ఎవురెవురో ఎక్కి సరుకు సందుల్లో దాక్కుంటా ఉండ్రి. ఇప్పుడది తగ్గింది. తాళం మంచిదేనప్పా. లోపల మేముండేది మరిచిపోయి వేసినారు, అంతే."

మరుసటి ఏడు చెల్లెలు నిండు నెలలతో ఉంది. బావ ఓడ ఆఫ్రికాలో ఒక రేవులో సరుకెక్కించుకుని అమెరికా వెళ్ళింది. ఆ రేవులో కాపలా చాలదని అమెరికా వాళ్ళు ఓడను బయటే ఆపేశారు. మా రేవుకేం తక్కువని ఆ ఆఫ్రికా దేశం కోపగించుకుంది. రెండు రాయబార కార్యాలయాలు ఉత్తరాలు రాసుకుంటూ ఉంటే ఓడ నీళ్ళమీద నిలబడిపోయింది. చివరికి ఒక షరతు మీద రానిచ్చారు. సరుకు దిగవచ్చు, మనుషులు దిగకూడదు. నిచ్చెన కింద తుపాకులతో కాపలా పెట్టారు. దానికి తోడు ఓడలోని ఫోను పాడైంది.

సరిగ్గా అప్పుడే చెల్లెలికి బీపీ పెరిగింది. కృష్ణగిరి ఆసుపత్రిలో వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. నేనే సంతకం పెట్టాను. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డను మొదట నా చేతికే ఇచ్చారు. చెల్లెలు కళ్ళు తెరిచి, "అన్నా, ఆయనకు తెలిసినాదా?" అంది. నిద్ర లేకుండా పక్కనే నిలబడ్డ నన్ను, తిన్నావా అని కూడా అడగలేదు. ఎక్కడో సముద్రం మీద ఉండి కూడా ఆయనే ముందు. "తెలుస్తాది లేమ్మా" అని వరండాలోకి వచ్చేశాను.

అప్పుడు నా సెల్ మోగింది. ఎవరో ముసలామె ఇంగ్లీషులో, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా మాట్లాడింది. ఓడ పనివాళ్ళకు సాయం చేసే సంఘం మనిషినని చెప్పింది. తనను ఓడ ఎక్కనివ్వడం లేదట, బావను దిగనివ్వడం లేదట. ఆయన పైనుంచి నంబరు అరిచి చెబితే కింద నిలబడి నొక్కిందట. "ఆయన భార్య ఎలా ఉంది?"

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఆమె ఆ మాటే పైకి అరిచింది. గాలి హోరు, ఏదో యంత్రం చప్పుడు వినబడ్డాయి. తరువాత చాలా దూరం నుంచి బావ గొంతు. "పాప ఏడస్తాందా? ఏడస్తాందా అప్పా?"

"ఏమంటున్నాడు?" అని ఆమె కంగారుగా అడిగింది. నేను లోపలికి పరుగెత్తి ఫోను బిడ్డ నోటి దగ్గర పెట్టాను. బిడ్డ గట్టిగా ఏడ్చింది. తరువాత లైను తెగిపోయింది.

బావ ఇంటికి వచ్చేసరికి పాప బోర్లా పడుతోంది. "ఆ పొద్దు దాని ఏడుపు వినపడినాదా బావా?" అని అడిగాను.

"లేదప్పా. ఒకటే క్రేను సద్దు. ఆ ముసలామె ఫోను చెవికి పెట్టుకుని కండ్లు తుడుచుకుంటా ఉండె. సరే, పాప ఏడస్తా ఉందిలే అనుకున్నా." బిడ్డను ఒడిలో సర్దుకుని నన్ను చూశాడు. "నీమీద నాకెంత కుళ్ళో తెలుసునా? పని ముగిస్తే నువ్వు ఇంటికి పోతావు. నా బిడ్డను నాకంటే ముందు ఎత్తుకునింది నువ్వు."

నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. బావకు నామీద అసూయ! ఆ మాటను చాలా రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకుని, తలచుకుని తలచుకుని మురిసిపోయాను. ఆ తరువాత ఇద్దరం కొంచెం తేలికగా మాట్లాడుకోగలిగాం. ఆయన ఓడ మానేసి టమాటా వేశాక, ఆదివారం నేను బస్సు దిగేసరికి నాకోసం స్టాపులో నిలబడి ఉండేవాడు. నాకు మరో స్నేహితుడు లేడు.

కర్మ అయిన మర్నాడు, వాళ్ళ నాన్న చివరిసారి కూర్చున్న బెంచీ చూస్తానంటే మేనకోడల్ని తీసుకుని రాయకోట బయలుదేరాను. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. ఆ పిల్ల గేటు పట్టుకుని ప్రతి పెట్టెకీ చేయి ఊపుతూనే ఉంది. అన్నీ మూసిన పెట్టెలే, అయినా లోపల ఎవరో ఉన్నట్టే ఊపింది. చివరి పెట్టెలో గార్డు బయటికి వచ్చి నిలబడి, ఆ పిల్లను చూసి చేయి ఊపాడు. బండి మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు. గేటు లేచినా ఆ పిల్ల కదల్లేదు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు.