రెండు ఎర్రగుట్టలు

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ కొండనైనా ఎక్కకముందే అది ఎక్కదగినదా కాదా అన్నది కింద నుంచే తేల్చాలి. ఎక్కితే ఒక రోజు పోతుంది, నలుగురు మనుషుల బలం పోతుంది. అందుకని నోటుబుక్కులో కొండకొక పేజీ పెట్టేవాళ్లం. పేరు, పేరు చెప్పినవారు, ఎత్తు, దారి, నీళ్లు, నీడ. చివరి గడిలో రెండు మాటల్లో ఏదో ఒకటి రాయాలి: ఎక్కదగును, ఎక్కనక్కర్లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్వే, డ్రాయింగు చదువు ముగించి నంద్యాలలో కొలతల పనిలో చేరి రెండేళ్లయింది. ఆళ్లగడ్డ దగ్గరి మా ఊళ్లో అమ్మ చనిపోయి ఏడు నెలలయింది. నాకు ఏడుపు రాలేదు. పెద్దదినం అయిన మర్నాడే పనిలోకి వచ్చాను. తిన్నాను, నిద్రపోయాను, గీతలు తిన్నగా గీశాను. ఎవరైనా పలకరిస్తే, ఏ రోజు ఏ మందు ఇచ్చారో వరసగా చెప్పేవాణ్ని. వాళ్లే మాట మార్చేవాళ్లు.

ఒక శనివారం సాయంత్రం ఊరికి పోతే నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను సంచి దించకముందే మొదలుపెట్టాడు.

“మీయమ్మ మొక్కు ఒకటుండాది. నీకు ఎనిమిదేండ్లప్పుడు జరమొస్తే మొక్కుకునింది. ఎర్రగుట్ట ముగ్గురమూ ఎక్కి టెంకాయ కొడతామని. ఇంగ ఇద్దరమే ఉండాం.”

“నీకు రొమ్ములో నొప్పి గదా నాయనా. నంద్యాల డాక్టరు మెట్లు గూడా ఎక్కొద్దన్నాడు.”

“గుట్టకు మెట్లుండవులే.”

నేను సంచి దించి గోడకు ఆనించాను.

“నీకు కుదరకుంటే చెప్పు. నేనొక్కన్నే పోతా.”

పోతాడు. అన్నాడంటే చేసే మనిషి. ఇంటి నుంచి చేను దాకా నడిచేలోపే చెప్పు సరిచేసుకునే వంకతో రెండుసార్లు కూర్చుంటున్నాడని అప్పటికే గమనించాను. కొండ మీద ఆ వంక చెల్లదు. పైకి పోయే నాయన తిరిగి దిగుతాడన్న నమ్మకం నాకు లేదు.

చిక్కు ఏమిటంటే ఎర్రగుట్టలు రెండున్నాయి. ఒకటి మా ఊరి వెనక ఉన్న మట్టిదిబ్బ. రెండోది పడమట, అమ్మ పుట్టిన ఊరికీ అవతల, వాన సరిగా పడని మెట్టల మధ్య ఒంటరిగా నిలబడిన శిఖరం. నాకు జ్వరం వచ్చినప్పుడు అమ్మ పుట్టింట్లో ఉంది. ఏ ఎర్రగుట్టకు మొక్కిందో ఆమె చెప్పలేదు, నాయన అడగలేదు.

“రేపు నేను పోయి చూసొస్తా. ఏ గుట్టో తేల్చేది నా పనే గదా,” అన్నాను.

“పోయి రా. నీ చదువు దీనికైనా పనికొస్తాదేమో చూస్తాం.”

మర్నాడు కోవెలకుంట్ల దారి బస్సులో సగం దూరం పోయి, అక్కడి నుంచి నడిచాను. నల్లరేగడి అయిపోయాక నేల రాళ్లకు తిరిగింది. చెట్టన్నది లేదు. ఉన్న కంపచెట్లు మోకాలెత్తు దాటలేదు. నా గొడుగు కింద తప్ప ఎక్కడా నీడ లేదు. పని అలవాటు కొద్దీ కొండ చుట్టూ తిరిగి రెండో పక్కకు కూడా పోయాను. కొండ పేరు ఎప్పుడూ రెండు పక్కలా అడగాలి.

పడమటి పక్క ఒక ముసలాయన గొర్రెలు తోలుకుని వచ్చి ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. నా చేతిలో కోణాలు చూసే పరికరాన్ని ఎగాదిగా చూశాడు.

“ఏమప్పా, కొలిచేకి వచ్చినావా? నిదానంగా కొలుచుకో. రాళ్లు యాడికీ పోవు.”

“ఈ కొండ పేరేం పెద్దాయనా?”

“మేం బోడికొండ అంటాం. ఆ తట్టోళ్లు ఎర్రగుట్ట అంటారు. యాడ ఎర్రగా ఉండాదో వాళ్లకే తెల్ల.”

“పైన సామి ఉన్నాడా?”

“మునుపు ఆ తట్టు ఆడోళ్లు, బిడ్డలకు జరమొస్తే మొక్కుకొని ఎక్కుతాండ్రి. ఇప్పుడెవరెక్కుతారు? దారి వానకు కొట్టకపాయ. నా గొర్రెలే పోవు. నువ్వు పోతావా?” అని నవ్వాడు.

ఇంక అనుమానానికి చోటు లేదు. అమ్మ పుట్టిల్లు ఆ తూర్పు పక్కే, ఆమె మొక్కింది దీనికే. పేజీ నింపాను. ఎత్తు ఆరువందల అడుగులకు తక్కువ లేదు. దారి సగం దాకా జారుడు రాళ్లు, ఆపైన లేదు. నీళ్లు లేవు. నీడ లేదు. కొన మీద రాళ్లకుప్ప లాంటిది కనబడుతోంది. చివరి గడిలో “ఎక్కనక్కర్లేదు” అని రాశాను. పైన రాసినవన్నీ కొండ గురించి. ఆ చివరి మాట నాయన గురించి.

నేనొక్కణ్ని ఎక్కడానికి పొద్దుంది, సీసాలో నీళ్లున్నాయి. నా ఒళ్లు కాలిపోతుంటే అమ్మ చూసిన కొండ ఇది. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. కాళ్లకు వేడి తగిలింది, అంతే. వెనక్కు తిరిగాను.

ఇంటికి వచ్చి చెప్పాను: “అది కాదు నాయనా. దాని పేరు బోడికొండంట. మనూరి వెనకదే ఎర్రగుట్ట.”

“ఎవరు చెప్పినారు?”

“గొర్రెలు మేపే ఆయన.”

“ఆయప్ప యా తట్టోడు?”

ఆ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. “పడమటి తట్టు,” అన్నాను.

నాయన నా మొహం కేసి చూసి, తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. “సరేలేప్పా,” అన్నాడు.

మర్నాడు తెల్లవారాక ఇద్దరం ఊరి వెనక దిబ్బ ఎక్కాం. ఎనభై అడుగులుంటుంది. నాయన మూడుసార్లు కూర్చున్నాడు. పైన పసుపు పూసిన రాయి ఒకటి ఉంది. నేను టెంకాయ అందించాను. ఆయన దాన్ని పట్టుకుని రాయికి వీపు పెట్టి, పడమటికి తిరిగాడు. గాలిలో దుమ్ము లేదు. చాలా దూరంలో ఆ శిఖరం సన్నగా కనబడుతోంది.

“రాయి ఇటుండాది నాయనా.”

“తెలుసులే.”

అటే మొహం పెట్టి, కాళ్ల దగ్గరి బండకు కొట్టాడు. కర్పూరం గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించాడు. చేతులు జోడించి చాలాసేపు ఉన్నాడు. తర్వాత చతికిలబడి, నాకొక ముక్క ఇచ్చి, తానొకటి నోట్లో వేసుకున్నాడు.

“దానికైతే ఎన్ని తూర్లు కూర్చోవాల్సొచ్చునో?” అన్నాడు.

నేను లెక్క వేసి, దారి లేని చోటుకు కొంత కలిపాను. “ముప్పై. ఇంకా ఎక్కువే.”

“ముప్పై తూర్లా.” కొబ్బరి నములుతూ ఆలోచించాడు. “మీయమ్మ అన్ని తూర్లు కూర్చోనిచ్చేది కాదులే. తిట్టి కిందికి దించుకుంటాండె.”

లేచి, నేను చెయ్యి చాపినా పట్టుకోకుండా, దిగడం మొదలుపెట్టాడు.