అద్దానికి బొట్టు

మా ఆయన ఊరికే ఈత కొట్టి ఒడ్డుకొచ్చే రకం కాదు. మద్రాసు నుంచి వచ్చిన ఏదో పత్రికలో సముద్రం అడుగున తీసిన చేపల ఫోటో చూసినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. మాది వడమాలపేట దగ్గర పల్లె. సముద్రం యాత్రలకు పోతే తప్ప కనబడదు.

"సముద్రం లేకుంటే ఏమి? మన కపిల బావిలో చేపలు లేవా?" అన్నాడు. నేను కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. నవ్వితే బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మామగారికి మాత్రం నవ్వు రాలేదు. పొలం వదిలేసి కెమెరా పట్టుకుని తిరిగే కొడుకును చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "ఒక్క మంచి బొమ్మ తీసి సూపించు. లేదంటే ఆ పెట్టెను అమ్మేస్తా. నువ్వు మడికాడికి రా" అని తేల్చేశాడు. యుద్ధం రోజులు, ఫిలిం దొరకడమే గగనం. కెమెరాలో ఇంకొక్క ఫోటోకే ఫిలిం మిగిలింది.

మా ఆయన నూనె డబ్బాకు ముందు అద్దం బిగించి, సందులన్నీ లక్కతో పూడ్చాడు. పక్కన బెజ్జం చేసి సైకిల్ ట్యూబు ముక్కతో మూశాడు, ఆ రబ్బరు మీంచే మీట నొక్కవచ్చట. అద్దం గీసుకుపోకుండా బయట గుడ్డ చుట్టి, పంచె మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు. మా పుట్టింట్లో దున్నడానికి కొత్త మడక తెచ్చినా బొట్టు పెట్టందే వాడరు. నేను గబగబా అద్దానికి కుంకుమ పెట్టాను. బయట పెడితే నీళ్లకు కరిగిపోతుందని, ఎంతో తెలివిగా, లోపలివైపు పెట్టాను. చిన్నదైతే దేవుడి కంటికి ఆనదని రూపాయి కాసంత పెట్టాను. ఆయన ఆ తొందరలో చూడకుండానే కెమెరా దూర్చి మూత బిగించాడు.

మధ్యాహ్నం నీళ్లు తోడే కపిల ఆపి ఎద్దులను నీడకు తోలారు. ఎండ నిట్టనిలువుగా బావిలోకి దిగింది. డబ్బా తేలకుండా మా ఆయన దానికి మా అత్త పచ్చడి నూరే పొత్రం కట్టాడు కాబట్టి ఆ పూట ఇంట్లో ఊరిబిండి లేదు. చేపలకు బొరుగులు చల్లి, అద్దం వైపు చూడకుండానే గుడ్డ లాగేసి, ఊపిరి బిగబట్టి మునిగాడు. నేను ముప్పై దాకా లెక్కపెట్టి అంకెలు మరిచిపోయాను. నిజంగా భయం వేసింది. అంతలో చెవికి నాచు వేలాడేసుకుని పైకి తేలాడు.

"పడినాది! పెద్ద చేప నాకు మొగం పెట్టి నిలబడినాది!"

వారానికి తిరుపతి నుంచి ఫోటో కడిగించుకొచ్చాడు. మామగారు అరుగు మీద కూర్చుని చూశాడు. బావి మెట్లు ఉన్నాయి, మూలల్లో రెండు తోకలు ఉన్నాయి. నడిమధ్యన ఇంత నల్లటి మచ్చ.

"ఈ నల్లగుండేది ఏందిరా?"

అప్పటికే డబ్బా విప్పి అద్దం చూసిన మనిషి మా ఆయన. తలుపు చాటున ఉన్న నా వైపు ఒక్కసారి చూసి, "నా ఏలు అడ్డం పడినాది నాయనా" అన్నాడు.

"అయితే రేపే అమ్మేస్తా."

నాకు ఏడుపొచ్చింది. అంతవరకు మామగారి ఎదుట నోరు విప్పి ఎరగను. "అది బొట్టు మామా. నేనే పెట్టినాను" అనేశాను.

మామగారు ఫోటోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. చివరికి కొడుకు చేతికిచ్చేశాడు.

"బొట్టు పెట్టిన దాన్ని అమ్మేదెట్లప్పా?" అంటూ లేచి, కండువా దులిపి, తలుపు వైపు తిరిగాడు. "ఇంకోసారి డబ్బాకు ఎనకపక్క పెట్టమ్మా."